వెనక స్పీకర్లు ఎవరి కోసం?

కారులో పాటల సెట్టు మార్చడం మగవాళ్ల వ్యవహారం అని మన ఇళ్లల్లో ఒక లెక్క. మిక్సీ మారుస్తుంటే మనల్ని అడుగుతారు. బీరువా కొంటుంటే రంగు మనమే చెప్తాం. కారు స్పీకర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం బిల్లు చూసి "ఇంతా?" అనడం తప్ప మనకు పని ఉండదు. ముందు స్పీకర్ల సంగతి వాళ్లే చూసుకోనివ్వండి. వెనక స్పీకర్లు మాత్రం వెనక కూర్చునేవాళ్లవి. అంటే ముప్పాతిక మువ్వీసం మనవే. వాటిని ఎక్కడ బిగించాలో చెప్పాల్సింది కూడా మనమే. నన్నడిగితే ఆ చెప్పే మాట ఇలా ఉండాలి: చిన్న కార్లలో వెనక ట్రే మీద వద్దు, తలుపుల్లో పెట్టించండి. తలుపుల్లో వీలుకాకపోతే అసలు వెనక స్పీకర్లే వద్దు.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఓమ్‌లూ వాట్లూ నా సబ్జెక్టు కాదు. అయినా దసరా నుంచి మా ఇంట్లో ఈ చర్చే నడిచింది కాబట్టి నలుగురిని అడిగాను, టేపు పెట్టి కొలిచాను, కొంత చదివాను. నేత పని రాకపోయినా చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తాం కదా, అట్లా అన్నమాట.

ముందు ఒక్కసారి గుర్తు చేసుకోండి, మీ కారులో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారో. మా కుందుర్పి వైపు లెక్క ఇదీ. స్టీరింగు దగ్గర ఇంటాయన. పక్కన మామగారో, మరిదో, ఊరి నుంచి వచ్చిన చుట్టమో. మగమనిషి ఇంకెవరూ లేకపోతే మీసాలు రాని కొడుకైనా సరే ముందుకే. వెనక అత్తగారు, నేను, మా పాప. ఒళ్లో సంచి, కాళ్ల దగ్గర నీళ్ల క్యాను. కళ్యాణదుర్గానికి పోయినా ఇంతే, అనంతపురం ఆస్పత్రికి పోయినా ఇంతే, శనివారం పావగడ శనైశ్చరుడి గుడికి పోయినా, కసాపురం ఆంజనేయస్వామి దగ్గరికి పోయినా ఇంతే. బెంగళూరులో మా చెల్లెలి ఇంటికి పోతే నాలుగు గంటల పైనే ఆ సీట్లో కూర్చోవాలి. ఎవరూ ఇక్కడే కూర్చోమని శాసనం రాయలేదు. అలవాటు అట్లా పడిపోయింది. దాన్ని మార్చడం ఈ రోజు నా విషయం కాదు. ఆ సీటు మనదైనప్పుడు ఆ సీటు వెనక ఏం పెడతారో మనకు తెలియాలి, అంతే.

మాది పాతది కొన్న చిన్న కారు. ముందు తలుపుల్లో కంపెనీవాళ్ల స్పీకర్లు రెండున్నాయి, వెనక ఏమీ లేవు. కొత్త స్టీరియో, నాలుగు స్పీకర్లు వేయిద్దామని మా ఆయన, మా మరిది అనుకున్నారు. అంగడికి పోయినప్పుడు నేనూ పోయాను. అక్కడి అబ్బాయి చకచకా చెప్పేశాడు.

"వెనక తలుపులు ఇప్పాలంటే పొద్దుపోతాదన్నా. ట్రేకి రెండు బొక్కలు కొడితే అరగంట పని. సిక్స్ బై నైన్ ఏసుకోండి, బేస్ అదిరిపోతాది."

"అదే మేలు కదన్నా," అన్నాడు మా మరిది.

"ఆ ట్రే ముందర కూర్చునేది ఎవరు నాయనా?" అని అడిగాను.

"మీరే కదక్కా."

"మరి నాకు చెప్పు, అన్నకు కాదు."

అబ్బాయి నవ్వాడు కానీ జవాబు చెప్పలేదు. వాడి తప్పు కూడా కాదు. వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు, వాడు అదే వేస్తాడు. అందరూ చేస్తున్న పనికి అసలు కారణం ఏమిటో వెతికితే నాకు ఒక విషయం అర్థమైంది.

ట్రే మీద స్పీకర్లు పెట్టడం ఒకప్పుడు న్యాయమైన పద్ధతే. డిక్కీ విడిగా వెనక్కి పొడుచుకొచ్చే కార్లు ఉంటాయి చూడండి, ఇప్పటి డిజైర్ లాంటివి. వాటిలో వెనక అద్దం కింద ఉండే పలక కారు శరీరంలో ఒక భాగం. గుడ్డో అట్టో పైన కప్పి ఉంటుంది కానీ కింద ఇనుప రేకు. స్పీకరును దానికి బిగిస్తే స్క్రూ ఇనుములోకి దిగుతుంది. కింద మూసుకుని ఉండే డిక్కీ ఒక పెద్ద పెట్టెలాగా పనిచేసి శబ్దానికి బరువిస్తుంది. 6 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల పొడవుతో కోలగా ఉండే సిక్స్ బై నైన్ స్పీకర్లు ఆ ఇరుకు పలకకు సరిగ్గా సరిపోతాయి.

ఆల్టో, వ్యాగనార్, స్విఫ్ట్ లాంటి చిన్న కార్ల సంగతి వేరు. వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. అక్కడ ఉండే ట్రే సామాను కనపడకుండా కప్పే మూత మాత్రమే. అట్టతోనో ప్లాస్టిక్‌తోనో చేస్తారు, రెండు పక్కలా గాడిలో ఊరికే ఆనుకుని ఉంటుంది, తలుపు ఎత్తితే రెండు తాళ్లకు వేలాడుతూ పైకి లేస్తుంది. ట్రే రాని కార్లకు అంగళ్లలో ప్లైవుడ్‌తో చేసి, గుడ్డ అతికించి, బొక్కలు కొట్టి ఇస్తారు. ఏదైనా సరే, అది కారుకు బిగించినది కాదు, తీసి పక్కన పెట్టేది. గిన్నె మీద మూత లాంటిది. మూత మీద రోలు పెడతామా? పెద్ద కారులో సబబైన అలవాటు చిన్న కారులోకి నడిచి వచ్చింది, దాని కారణం మాత్రం దారిలోనే ఉండిపోయింది.

ఇక ప్రమాదం మాట. ఇలాంటివి అనుకోకూడదు అంటారు మా అత్తగారు. అనుకోకపోతే జాగ్రత్త ఎట్లా పడతాం? ఒక్కో సిక్స్ బై నైన్ స్పీకరు కిలో పైనే బరువుంటుంది, దాని వెనక అయస్కాంతమే సగం బరువు. రెండు స్పీకర్లు, వాటి జాలీలు, ప్లైవుడ్ పలక కలిపితే నాలుగైదు కిలోలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేనికైనా గుద్దుకుని ఆగిపోతే, బిగించని వస్తువు ఆగదు. అదే వేగంతో ముందుకు వస్తుంది. ఆ వేగం ఎంత? దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకే వేగం. అంటే మూడంతస్తుల మేడ మీద నుంచి మన తల మీద పడ్డట్టు. ట్రే ఉండేది సరిగ్గా సీటు పై అంచు ఎత్తులో, మన మెడ వెనక.

వెనక సీట్లో బెల్టు పెట్టుకోవాలని ఇప్పుడు అందరికీ తెలుసు. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయినప్పుడు దేశమంతా ఆ మాటే మాట్లాడుకుంది. ఆయన కూర్చున్నది వెనక సీట్లో, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. బెల్టు పెట్టుకోకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా కూడా ఉంది. సరే, బెల్టు మనల్ని పట్టుకుంటుంది. మన తల వెనక ఉన్న పలకను పట్టుకునేది ఏది? రెండు తాళ్లు! ఇంట్లో బెల్టు గురించి పోట్లాడే మగవాళ్లు కూడా ఈ పలక గురించి ఆలోచించరు, ఎందుకంటే అది వాళ్ల తల వెనక లేదు.

ప్రమాదం ఎప్పుడో ఒకప్పుడు జరిగేది, దేవుడి దయవల్ల జరగకపోనూవచ్చు. చెవుల సంగతి మాత్రం ఎక్కిన ప్రతిసారీ జరిగేదే. మా కారులో టేపు పెట్టి కొలిచాను. ట్రే అంచు నుంచి మా పాప చెవికి మూరెడు దూరం కూడా లేదు. అదే ట్రే నుంచి మా ఆయన చెవికి దానికి నాలుగింతలు. శబ్దం దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతుందని లెక్క. కారు మూసి ఉంటుంది కాబట్టి అంత తేడా ఉండదు, కానీ తేడా ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్లకు ఇంపుగా వినపడేదాకా పెంచితే వెనకవాళ్లకు అది మోతే.

ఎంత మోత పర్వాలేదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ఫోన్లలో, ఇయర్‌ఫోన్లలో పాటలు వినడానికి ఒక హద్దు చెప్పాయి. పెద్దవాళ్లకు 80 డెసిబెల్‌ల దగ్గర వారానికి 40 గంటలు. పిల్లలకు 75 డెసిబెల్‌ల దగ్గర 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. లెక్క వేసి చూడండి: పిల్లలకు 78 దగ్గర 20 గంటలు, 81 దగ్గర 10, 84 దగ్గర 5, 87 దగ్గర రెండున్నర, 90 దగ్గర గంటా పావు. మీసాలు తిప్పే పాటకు తల వెనక 90 రావడం పెద్ద విషయం కాదు. కుందుర్పిలో బయలుదేరితే మధుగిరి కొండ కనపడకముందే మా పాప వారం కోటా అయిపోతుంది. ఈ హద్దు ఇయర్‌ఫోన్ల కోసం చెప్పినదే కావచ్చు. శబ్దం ఇయర్‌ఫోన్ నుంచి వచ్చిందా ట్రే నుంచి వచ్చిందా అని చెవి అడగదు. ఫోన్లో శబ్దం కొలిచే యాప్‌లు ఉన్నాయి. ఖచ్చితంగా చూపించకపోయినా, వెనక సీట్లో తల దగ్గర ఒకసారి, ముందు సీట్లో ఒకసారి పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంట్లో వాదనకు అది చాలు.

ఇంకో సంగతి ఉంది. నాకు అన్నిటికంటే పెద్దది ఇదే.

మా ఇంట్లో అందరం ఒకచోట కూర్చుని మాట్లాడుకునేది కారులోనే. ఇంట్లో ఒకరు పొలం, ఒకరు ఫోను, ఒకరు పుస్తకం, నేను వంటిల్లు. కారు ఎక్కితే ఎక్కడికీ లేచి పోలేరు కాబట్టి మాటలు వస్తాయి. కానీ ముందు సీటు మాటలు ముందు సీట్లోనే ఆగిపోతాయి. మాట్లాడేవాళ్లు రోడ్డు చూస్తూ మాట్లాడతారు, గొంతు అద్దం వైపు పోతుంది. మనకు వినపడాలంటే వెనక నిశ్శబ్దంగా ఉండాలి. తల వెనక స్పీకర్లు మోగుతుంటే మన చెవికి వచ్చేది పాట ఒక్కటే.

రెండేళ్ల కిందట బావగారి కారులో పెళ్లికి పోయాం. వాళ్లది ట్రే మీద స్పీకర్లున్న చిన్న కారే. అనంతపురం రోడ్డు పొడవునా మా ఆయన, బావగారు ముందు ఏదో తీవ్రంగా మాట్లాడుకుంటున్నారు. వెనక నాకు, మా తోటికోడలికి పెదాల కదలిక తప్ప ఏమీ అందలేదు. "కాస్త తగ్గించండి" అంటే ఆ మాటా ముందుకు పోలేదు. దిగాక తెలిసింది, ఉమ్మడి చేన్లో మూడో బోరు వేయాలని తేల్చేసుకున్నారట. మా సీమలో బోరంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లు పడితే దేవుడు, పడకపోతే అప్పు. ముందు రెండు బోర్లు ఎండిపోయే ఉన్నాయి. డబ్బు ఎక్కడిదంటే, నా గాజులు, మా తోటికోడలి గొలుసు బ్యాంకులో పెట్టే మాట కూడా ఆ ముందు సీట్లోనే అయిపోయింది. ఆ గాజులు తొడుక్కున్న చేతులతో నేను మూడడుగుల వెనక కూర్చుని ఉన్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇద్దరం కూర్చుని మాట్లాడాం, ఆ బోరు ఆగింది. అది వేరే కథ. స్పీకర్ల వల్లే అట్లా జరిగిందని నేననను. అడగాలనుకునేవాళ్లు వెనక్కి తిరిగి అడుగుతారు. కానీ వినపడే వీలు ఉంటే అడగకపోయినా మనం మాట కలపగలం. వినపడనిచోట కూర్చోబెట్టి "నువ్వు అక్కడే ఉన్నావు కదా" అంటే ఏం చెప్తాం? మా అత్తగారికి ఒక చెవి సరిగ్గా వినపడదు. ఆమెకైతే కారు ఎక్కితే మనుషులు మాయమైపోయినట్టే. వినికిడి తగ్గినవాళ్లకు వెనక మోత ఉంటే ఎదుటి మాట విడదీసుకోవడం మరీ కష్టం. పెద్దవాళ్లు ప్రయాణంలో మూగనోము పట్టడానికి సగం కారణం ఇదేనని నా అనుమానం.

ఇక సామాను, ఎండ. శెనక్కాయల కాలంలో మా కారు డిక్కీలో మూట లేకుండా బెంగళూరు పోయింది లేదు. మూట నిలబడాలంటే ట్రే తీయాలి. స్పీకర్లున్న ట్రే అయితే తీగలు ఊడదీయాలి, ఊడదీసిన పలక ఎక్కడ పెట్టాలి? మన ఒళ్లో! తిరిగి పెట్టేటప్పుడు ఏ తీగ ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. ఏప్రిల్, మే నెలల్లో మా దగ్గర 40 డిగ్రీలు దాటే ఎండ. నీడ దొరికే చెట్టే తక్కువ. వెనక అద్దంలోంచి ఎండ నేరుగా పడేది ఆ ట్రే మీదే. కాగితపు శంకువు, దాని చుట్టూ ఉండే మెత్తటి అంచు ఆ ఎండకు త్వరగా పాడవుతాయి. తలుపు లోపల వేడి ఉండదని కాదు, ఎండ మాత్రం పడదు. ఇవి కాక, ట్రే మీద పెట్టెల్లాంటి స్పీకర్లు పెడితే వెనక అద్దం సగం మూసుకుపోతుంది. బండి వెనక్కి తీసేటప్పుడు దిగి "రా, రా, ఆపు" అనాల్సింది మళ్లీ మనమే.

అవతలివాళ్ల వాదన కూడా న్యాయంగా చూడాలి.

బేస్ గురించి వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది. సిక్స్ బై నైన్ శంకువు వైశాల్యం తలుపుల్లో పట్టే ఆరున్నర అంగుళాల గుండ్రటి స్పీకరు కంటే నాలుగో వంతుకు పైగా ఎక్కువ. ఎక్కువ గాలిని కదిలిస్తుంది. కానీ స్పీకరు ముందుకు గాలిని తోసినప్పుడు వెనక గాలిని లాగుతుంది. ముందు గాలి, వెనక గాలి కలవకుండా మధ్య గోడ ఉంటేనే బరువైన శబ్దం నిలుస్తుంది. చిన్న విసనకర్రతో విసిరితే గాలి అంచుల మీదుగా వెనక్కి జారిపోతుంది చూడండి, అట్లా. చిన్న కారు ట్రే చుట్టూ సందులే. పైగా పలక కూడా అదురుతుంది. మీరు "బేస్" అనుకునే దాంట్లో సగం ఆ పలక గడగడలే. నిజంగా బేస్ కావాలనుకునేవాళ్లు సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫరు గట్టిగా బిగించి పెట్టించుకోవచ్చు. దానికి మన తల అక్కర్లేదు.

రెండోది, ఖర్చు. ట్రే పని చౌక, తలుపు పనికి కూలి ఎక్కువ, ఒక పూట పడుతుంది. నిజమే. దీనికి నా జవాబు: నలుగురు మనుషుల చెవుల దగ్గర పూట పని ఆదా చేసుకోవడం పొదుపు కాదు. డబ్బు తక్కువైతే వెనక స్పీకర్లు మానేసి ఆ డబ్బూ ముందు తలుపుల్లో పెట్టండి.

మూడోది పాటల పిచ్చి ఉన్నవాళ్లు చెప్పే మాట. అసలైన సంగీతం ముందు నుంచే రావాలి, నాటకానికి పోయినా హరికథకు పోయినా వేదిక మన ముందుంటుంది కానీ వీపు వెనక కాదు, వెనక స్పీకర్లు ముందువాళ్లకు అక్కర్లేదు అంటారు. ఈ మాట విన్నాక నా వాదన ఇంకా గట్టిపడింది. ముందువాళ్లకు అక్కర్లేనివి అయితే అవి ఉన్నది వెనకవాళ్ల కోసమే కదా. అట్లాంటప్పుడు వెనకవాళ్లను అడగకుండా, వెనకవాళ్ల చెవి మీదుగా ముందుకు వినపడేటట్టు బిగించడంలో అర్థమేముంది?

తలుపుల్లో పెట్టిస్తే స్పీకరు మన పిక్కల దగ్గర ఉంటుంది. చెవికి దూరం. నేరుగా చెవిలోకి కాకుండా పక్క నుంచి, కింద నుంచి వస్తుంది. అవసరమైనంత వినపడుతుంది, మాటను మింగదు. అయితే ఆ పని సరిగ్గా చేయించాలి. అంగట్లో మీరు దగ్గరుండి చూడాల్సినవి ఇవి.

ఒకటి, వెనక తలుపు ప్యాడు విప్పి చూపించమనండి. చాలా కార్లలో స్పీకర్లు ఇవ్వకపోయినా లోపల రేకుకు వాటి చోటు వదిలే ఉంటారు. చోటు ఉంటే రేకు కోయాల్సిన పని లేదు. చోటు లేకపోతే కోయనివ్వకండి. అక్కడితో ఆపేయండి.

రెండు, అద్దం. స్పీకరు పెట్టాక ప్యాడు మూయకముందే అద్దం పూర్తిగా కిందికి దించి, పైకి ఎత్తి చూపించమనాలి. అయస్కాంతం లోతు ఎక్కువైతే అద్దం దానికి తగులుతుంది. మూసేశాక కనుక్కుంటే మళ్లీ అంతా విప్పాలి.

మూడు, స్పీకరుకూ రేకుకూ మధ్య వేసే రింగు. ప్లాస్టిక్‌ది మేలు. చెక్కపొట్టుతో చేసిన ఎం.డి.ఎఫ్. రింగు వేస్తే దానికి రంగో వార్నిషో పూయించాలి, లేకపోతే నీళ్లు తాగి ఉబ్బుతుంది. కరువు సీమలో నీళ్లెక్కడివి అంటారేమో. వాన పడ్డా, కారు కడిగినా అద్దం పక్కనుంచి నీళ్లు తలుపు లోపలికి దిగుతాయి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ రంధ్రాలు మూయకూడదు. ప్యాడు వెనక ఉండే ప్లాస్టిక్ షీటును చింపి పారేయకుండా మళ్లీ అతికించాలి. మా ఎర్రమట్టి దుమ్మును ఆపేదీ అదే.

నాలుగు, తీగలు. కంపెనీ తీగలు కోసి టేపు చుట్టే పని వద్దు. కప్లర్లు అని దొరుకుతాయి, గుచ్చితే చాలు. కొత్త కారైతే తీగలు కోస్తే వారంటీకి అడ్డం వస్తుంది. తలుపుకూ కారుకూ మధ్య రబ్బరు గొట్టం ఉంటుంది, తీగ అందులోంచే పోవాలి. బయటి నుంచి పోతే తలుపు వేసిన ప్రతిసారీ నలుగుతుంది.

ఐదు, ప్లస్సు మైనస్సు. రెండు స్పీకర్లకూ ఒకేలా ఉండాలి. ఒకదానికి తారుమారైతే ఒకటి తోస్తుంటే ఇంకొకటి లాగుతుంది, పాట పలచబడిపోతుంది. స్పీకరు పాడనుకుని మార్చేసేవాళ్లు కూడా ఉన్నారు.

ఆరు, ఎస్.ఆర్.ఎస్. అని అక్షరాలున్న చోట లోపల ఎయిర్‌బ్యాగు ఉంటుంది. అక్కడ ఒక్క స్క్రూ కూడా వేయనివ్వకండి, ఎంత చిన్న ట్వీటరుకైనా సరే.

డబ్బా మీద 300 వాట్లు అని చూసి మురిసిపోవద్దు. అది ఒక్క క్షణం తట్టుకునే లెక్క. ఆర్.ఎం.ఎస్. అని చిన్న అక్షరాల్లో ఉండేదే అసలు లెక్క. స్టీరియో మీద నాలుగు యాభైలు రాసి ఉన్నా విడిగా ఆంప్లిఫయరు లేకపోతే ఒక్కో స్పీకరుకు నిలకడగా అందేది సుమారు 20 వాట్లే. మన కుటుంబాలకు అదే ఎక్కువ. బెంగళూరు జె.సి. రోడ్డు కారు సామాన్లకు పేరున్న బజారు, మా వైపు వాళ్లు అక్కడిదాకా పోయి కొంటారు. స్పీకరు ఎక్కడ కొన్నా పర్వాలేదు, బిగించే చేయి నిదానమైనదై ఉండాలి.

బిగించాక ఇంకో పని ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. స్టీరియోలో ఫేడర్ అని ఉంటుంది. ముందుకు ఎంత, వెనక్కి ఎంత అని పంచేది అదే. దాన్ని ముందువైపు రెండు మూడు గీతలు జరపండి. వెనక సీట్లో మామూలు గొంతుతో మీరొక మాట అనండి. ముందువాళ్లు అద్దంలోకి చూసి జవాబు చెప్తే అది సరైన చోటు. చెప్పకపోతే ఇంకో గీత జరపండి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉన్నప్పుడు వెనక పూర్తిగా ఆపేసినా ఎవరికీ నష్టం లేదు.

మా మరిది ఇంకా గొణుగుతూనే ఉన్నాడు, ఊరంతా ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని. అననివ్వండి. మా ఆయన మాత్రం టేపు తీసుకుని ట్రేకూ పాప చెవికీ మధ్య దూరం తానే మళ్లీ కొలిచారు, ఆ తర్వాత ట్రే మాట ఎత్తలేదు. వాదన కంటే కొలత బాగా పనిచేస్తుందని నాకు అనిపించింది. అందుకే ఇన్ని లెక్కలు ఇక్కడ రాశాను.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మీ ఇంట్లో కారు సెట్టు మాట వచ్చినరోజు "మాకేం తెలుసులే" అని లోపలికి పోకండి. పాటలు వద్దని కాదు, నాకూ పాటలు ఇష్టమే. ఎండలో ఎడతెగని మెట్ట చేల మధ్య నాలుగు గంటలు పోతుంటే ఘంటసాల గొంతు తోడుంటే దారి తెలియదు. ఆ గొంతు కూడా మన మాటకు చోటిచ్చేంత ఎత్తులో ఉండాలి. వెనక సీట్లో కూర్చునేది మనం కాబట్టి ఆ ఎత్తు ఎంతో తేల్చాల్సింది కూడా మనమే.